ఈశాన్యం మూల

మా ఇల్లు పడగొట్టి కట్టుకున్న సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే. చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో మా వీధి చాలా సన్నం. ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే. తాతల నాటి ఇల్లు కూల్చి మూడంతస్తులు లేపుదామని అనుకున్నప్పుడు మావారు "నాకు అంగడి ఉండాది, కట్టడం పని నువ్వే చూసుకో" అన్నారు. నేనే చూసుకున్నాను. అందుకే తప్పు ఇంకొకరి మీదికి నెట్టే వీలు కూడా లేదు.

మొదటి లారీ ఇసుక వచ్చిన పొద్దున మేస్త్రి అడిగాడు. "అమ్మా, ముందర ఈ మూల ఖాళీగానే ఉండాది కదా. ఇసుక, జల్లి ఈడనే పోసుకుంటే వీధిలో నడిచేవాళ్ళకి ఇబ్బంది ఉండదు."

అది ఈశాన్యం. ఈశాన్యాన బరువు పెడితే ఇంటి యజమానికి కీడని పుట్టింట్లోనూ విన్నాను, మెట్టినింట్లోనూ విన్నాను. క్షణం కూడా ఆలోచించకుండా "ఆడ పుల్ల కూడా పెట్టకూడదు. అంతా బయటే పొయ్యండి" అన్నాను. ఆ మూలను రోజూ ఊడ్పించి ముగ్గు వేసేదాన్ని. ఇసుక, కంకర జల్లి, ఇటుకలు, ఇనప కమ్మీలు మాత్రం మా గోడ వెంబడి వీధిలో గుట్టలు పడ్డాయి. మా ఇంటికి పనికిరాని బరువు ఊళ్ళోవాళ్ళకు ఎలా పనికొస్తుందని నాకు తోచనే లేదు.

మా పక్కింట్లో ఒక పెద్దమ్మ, ఉద్యోగం చేసే కూతురితో ఉంటుంది. శుక్లం ఆపరేషన్ చేసినా చూపు అంతంతమాత్రం. అయినా పొద్దున్నే వైరు బుట్ట తీసుకుని వీధి చివరి పాల బూత్‌కు తానే వెళ్ళేది. ఎడమ చెయ్యి గోడలకు ఆనించి నడిచేది. ఏ గోడ ఎవరిదో చేత్తో తడిమి చెప్పేసేది. "కండ్లు పోతే పోయినాయి, కాళ్ళు ఉండాయి పాపా" అని గొప్పగా అనేది. కూతురు తాను తెస్తానన్నా ఒప్పుకునేది కాదు. ఒకరి చెయ్యి పట్టుకోకుండా చేసే పని ఆమెకు అదొక్కటే మిగిలింది.

ఇసుక పడిన రెండో రోజే వచ్చి అడిగింది. "గోడ పక్కన ఒక మనిషి పోయేంత దారి ఇడిస్తే చాలు పాపా."

"రెండు రోజులే పెద్దమ్మా, ఎత్తించేస్తా" అన్నాను.

ఆ రెండు రోజులు నాలుగు నెలలైనాయి. ఒక గుట్ట తరిగేలోపు ఇంకో లారీ వచ్చేది. ఆమె మళ్ళీ రెండుసార్లు అడిగింది, నేను అదే మాట చెప్పాను. ఒకరోజు ఆటో అతను ఆపకుండా హారన్ కొడుతుంటే నాకు ఒళ్ళు మండి "వీధి మీ అబ్బ సొత్తా?" అని అరిచాను. "మరి మీ అబ్బదా?" అని తమిళంలో అడిగేసి పోయాడు. పనివాళ్ళు నవ్వారు. నేను ఆ పూటంతా వాళ్ళ మీద విసుక్కున్నాను. ఇంటికి దిష్టి తగలకుండా బొమ్మ కట్టించిన దాన్ని, నడిచేవాళ్ళ కోసం గుట్టలకు అడ్డంగా ఒక తాడు కట్టించలేదు.

ఒక పొద్దున నేను కాఫీ గ్లాసుతో ఆ ఖాళీ మూలలోనే నిలబడి ఉన్నాను. పెద్దమ్మ గోడ పట్టుకుని వచ్చింది. ఇసుక దగ్గర చెయ్యి వదిలేసి, గుట్ట చుట్టి వెళ్ళడానికి రోడ్డు మీదికి దిగింది. అటునుంచి వచ్చిన బైకు చెదిరిన ఇసుక మీద జారింది. ఆమెకు తగల్లేదు. ఆ చప్పుడుకు బెదిరి వెనక్కి అడుగేసి, కమ్మీల మీద పడిపోయింది.

పరుగెత్తాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: "చూసుకుని నడవకూడదా పెద్దమ్మా!"

చూపు లేని మనిషితో అన్న మాట. ఆమె నొప్పితో పళ్ళు బిగబట్టి "తప్పు నాదేలే పాపా" అంది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. ఆటోను పిలిస్తే జల్లి అడ్డమై లోపలికి రాలేకపోయింది. మేస్త్రి, ఇంకొకతను ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి వీధి చివరిదాకా మోసుకెళ్ళారు. తుంటి ఎముక విరిగింది. పాలు కూతురే తేవడం మొదలుపెట్టింది.

మిగిలిన సామాను ఆ సాయంత్రమే ఆ ఈశాన్యం మూలకే ఎత్తించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. అంత చేసీ బుద్ధి వచ్చిందా అంటే, లేదు. వాన నీళ్ళు రాకుండా ఇల్లు ఎత్తు లేపాం కాబట్టి కారు ఎక్కడానికి ర్యాంపు కావాల్సి వచ్చింది. "గేటు లోపలినుంచే వాలు ఎత్తుకుందాం, వీధిలోకి రాదు" అన్నాడు మేస్త్రి. అలా చేస్తే ఈశాన్యాన కాంక్రీటు బరువు పడుతుందని మళ్ళీ నేనే వద్దన్నాను. ర్యాంపు గోడ దాటి వీధిలోకి వచ్చింది. వీధిలో అందరికీ ఉందిలే అని సరిపెట్టుకున్నాను.

ఇల్లు పూర్తయ్యేసరికి పెద్దమ్మ ఇంట్లో కర్రతో నడుస్తోంది. గృహప్రవేశానికి పిలవడానికి వెళ్ళి ఆమె చేతులు పట్టుకున్నాను. "తప్పకుండా వస్తా. దారి ఉండాది కదా ఇప్పుడు?" అంది. ఉందన్నాను.

ఆ రోజు నేను పట్టుచీరలో గుమ్మం దగ్గర నిలబడి అందరినీ పిలుస్తున్నాను. పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని, కూతురిని వెనకే రమ్మని, కుడిచేత్తో కర్ర, ఎడమచేత్తో మా గోడ పట్టుకుని వస్తోంది. పడిన తర్వాత ఆమె గడప దాటి వీధిలో నడవడం అదే మొదటిసారి. గోడ అయిపోయిన చోట కర్ర ర్యాంపుకు కొట్టుకుంది. ఆగిపోయింది. కర్రతో అటూ ఇటూ తడిమి చూసింది.

"ఏం పాపా, ఇసుక ఇంకా ఎత్తలేదా?" అంది.