మోకు పట్టని చెట్టు

ముందు నా సంతోషం చెప్పుకోనివ్వండి, కోపం దాని వెనకే వస్తుంది.

పోయినేడు డిసెంబరు మొదటి వారంలో నన్ను పై అంతస్తుకు ఇన్‌చార్జి నర్సును చేశారు. ఐర్లాండ్‌లో ఒక చిన్న ఊరు, అందులో ముసలివాళ్లను చూసుకునే నర్సింగ్ హోమ్. కొత్త బ్యాడ్జి ఇచ్చారు. దాని మీద నా పేరు, పేరు పక్కనే నా డిగ్రీ. మా నాయిన సిద్దిపేట మార్కెట్ యార్డులో హమాలీ. అమ్మ బీడీలు చేసేది. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. అందుకే ఆ బ్యాడ్జిని ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాను. పంపి ఊరుకోలేదు, ఫోన్లు చేసి చూశారా లేదా అని అడిగాను. ఇంటికి వెళ్లే బస్సులో డ్రైవరుకు కూడా చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివి, చాలా బాగుంది, వెనక జనం ఉన్నారు, కొంచెం లోపలికి జరగండి అన్నాడు.

మా ఆయన మాత్రం దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. ఆయన చదువు ఏడో తరగతితో ఆగింది. చదివి, టేబుల్ మీద జాగ్రత్తగా పెట్టి, నాకు చాయ్ పెట్టుకొచ్చి, అప్పుడు చెప్పాడు.

"మంచిగైంది. ఇగ నీకేం ఫికరు లేదు. క్రిస్మస్ కాంగనె నేను ఊరికి పోతనే."

ఆయనది దౌల్తాబాద్ దగ్గర పల్లె. పదహారేళ్ల వయసు నుంచి తాటిచెట్లు ఎక్కి కల్లు గీసిన మనిషి. ఊళ్లో కల్లు సొసైటీలో ఆయన పేరు మీద తాటిచెట్లు, ఈతచెట్లు ఉన్నాయి. ఆ ఏడు జనవరిలో మేం ఇక్కడికి వచ్చేటప్పుడు, ఒక్క ఏడాది నువ్వు గీయమని తమ్ముడికి అప్పజెప్పి వచ్చాడు. ఏడాది నిండబోతోంది. మనిషి రాకపోతే ఆ చెట్లు ఇంకొకరి పేరు మీద రాసేస్తామని సొసైటీ వాళ్లు కబురు పెట్టారు. ఇక్కడేమో ఆయనకు దొరికిన పని పుట్టగొడుగుల ఫారంలో. యాభై అడుగుల ఎత్తున, గాలిలో పని చేసిన మనిషి కిటికీ లేని షెడ్డులో నడుం వంచి పుట్టగొడుగులు కోస్తున్నాడు. ఆయన వెళ్లిపోతే ఇక్కడ నేనూ, ఏడేళ్ల మా పాపా మిగులుతాం. వద్దని ఏ మొహంతో చెప్పను? మేం వచ్చిందే నా ఉద్యోగం కోసం. ఆయన్ను ఉండమనడానికి నా దగ్గర పుట్టగొడుగులు తప్ప ఏమున్నాయి?

ఆ దిగులుతోనే డ్యూటీకి వెళితే, చార్టులో క్రిస్మస్ రోజు నా పేరు రాసి ఉంది. నన్ను అడగలేదు. ఎందుకు వేశారంటే, అది మీ పండుగ కాదు కదా అన్నారు. సద్దుల బతుకమ్మకు ఒక్కరోజు సెలవు అడిగినప్పుడు, ఇక్కడ అది సెలవు రోజు కాదు కదా అన్నది కూడా ఈ మనుషులే. పైగా నవ్వుతూ అంటారు. ఇక్కడి వాళ్లు ఏది కాదనాలన్నా నవ్వుతూనే అంటారు, మనకు కోప్పడే సందు కూడా ఇవ్వరు.

నర్సింగ్ హోమ్ ముందు పచ్చిక మధ్యలో ఒక పెద్ద చెట్టు ఉంది. క్రిస్మస్ కార్డుల మీద కనిపిస్తుందే, ఆ రకం. మూడంతస్తుల కన్నా ఎత్తు. ఏటా దానికి కింది నుంచి కొస దాకా లైట్లు చుడతారట. డిసెంబరులో ఇక్కడ నాలుగింటికే చీకటి పడిపోతుంది. పై అంతస్తులో మంచం దిగలేని వాళ్లకు ఆ లైట్లే పండుగ. తొంభై దాటిన ఒక పెద్దావిడ నవంబరులోనే తన మంచాన్ని కిటికీ వైపు తిప్పించుకుంది. కానీ ఆ ఏడు విడవకుండా వాన పడి పచ్చికంతా బురదైంది. లైట్లు కట్టడానికి వచ్చిన లిఫ్టు బండి గేటు దాటి పది అడుగులు రాగానే చక్రాలు దిగబడ్డాయి. బండిని లాగించుకుని వాళ్లు వెనక్కి వెళ్లిపోయారు. ఈసారి లైట్లు లేవని మేనేజరమ్మ టీ టైములో చెప్పింది.

నా నోరు ఆగదు. మా ఆయన ఎక్కుతాడని చెప్పేశాను. కొమ్మ అన్నది లేని చెట్టు, యాభై అడుగులు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, నడుముకు ఒక్క తాడు, అని చేతులు తిప్పుతూ చెప్పాను. నర్సులు కప్పులు చేతుల్లోనే పెట్టుకుని విన్నారు. నా బ్యాడ్జి గురించి చెప్పినప్పుడు ఒక్కరు కూడా అంత నోరు తెరిచి వినలేదు. ఇందులో నా స్వార్థమూ ఉంది. ఈ ఊళ్లో ఆయన ఒక్కసారి చెట్టెక్కితే, నలుగురూ చూస్తే, ఉండిపోవాలని అనిపించదా అని.

రమ్మనండి, చూద్దాం అంది మేనేజరమ్మ. మర్నాడు ఆయన పాపను స్కూలు నుంచి తీసుకుని, మోకు సంచిలో పెట్టుకుని వచ్చాడు. మోకు అంటే చెట్టునూ నడుమునూ కలిపి చుట్టుకునే లావు తాడు. సూట్‌కేసులో పచ్చళ్ల సీసాలు తీసేసి మరీ దాన్ని తెచ్చుకున్నాడు.

మేనేజరమ్మ మోకును ముట్టుకుని చూసి చాలా అందంగా ఉందని మెచ్చుకుంది. ఆ వెంటనే సర్టిఫికెట్ ఉందా అని అడిగింది. ఎత్తులో పని చేయడానికి శిక్షణ పొందినట్టు ఒక కార్డు ఉండాలట. అది లేకుండా నిచ్చెన రెండో మెట్టు ఎక్కినా ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకోరట. పద్దెనిమిదేళ్లు ఎక్కాడని చెప్పాను. నేను నమ్ముతున్నాను, కానీ కాగితం కావాలి కదా అంది నవ్వుతూ. వాళ్ల నాన్న ఎక్కాడు, తాత ఎక్కాడు అన్నాను. వాళ్ల కార్డులైనా ఉన్నాయా అని అడగలేదు, అదొక్కటే తక్కువ.

ఒళ్లు మండిపోయింది. నేను సూది గుచ్చడం ప్లాస్టిక్ బొమ్మ మీద నేర్చుకున్నాను. తప్పు చేస్తే మేడం తిట్టేది, అంతే. ఆయన మొదటి రోజే నిజం చెట్టెక్కాడు. అక్కడ తప్పు చేస్తే తిట్టడానికి ఎవరూ ఉండరు, మోయడానికి నలుగురు వస్తారు. అలాంటి తప్పు పద్దెనిమిదేళ్లు చేయని మనిషికి కాగితం లేదు. నాకేమో బ్యాడ్జి మీద జాగా సరిపోనంత డిగ్రీ ఉంది. ఇదేం లెక్క అని మేనేజరమ్మను నిలదీశాను. ఇంగ్లిషులో అంత గట్టిగా మాట్లాడింది ఆ రోజే.

మా ఆయన ఇవేవీ పట్టించుకోలేదు. చెట్టు చుట్టూ తిరుగుతున్నాడు. మెడ వెనక్కి వంచి పైకి చూశాడు. బెరడు గిల్లి వాసన చూశాడు. కింది కొమ్మ పట్టుకుని ఊపాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి ఏమంటుందని అడిగాడు. నువ్వు ఎక్కలేవంటోందని చెప్పాను. ఆమె ఆ మాట అనలేదు. ఆయనకు కూడా కోపం రావాలని నేనే కల్పించాను.

"నిజమే అంటుంది గదా," అన్నాడు. "గీ చెట్టుకు మోకు పట్టదే. కిందికెళ్లి కొస దాక కొమ్మలే ఉన్నయి, మోకు ఎట్ల జరుగుతది? ఇదేమన్న తాటిచెట్టా?"

ఏమన్నాడని మేనేజరమ్మ అడిగింది. నా డ్యూటీ అయిపోయింది, బస్సుకు టైమైందని చెప్పి పాప చెయ్యి పట్టుకుని బయల్దేరాను.

బస్సులో ఆయనతో పోట్లాడాను. చుట్టూ ఉన్నవాళ్లకు తెలుగు రాదు కాబట్టి గొంతు తగ్గించుకునే పని లేదు.

"నేను నీ కోసం గంత కొట్లాడుతుంటే ఆమె దిక్కు మాట్లాడుతవా?"

"నువ్వెందుకు కొట్లాడినవు? ఎక్కుతవా అని నన్నొక్క మాట అడిగినవా?"

"ఎక్కనీకె కాకపోతె మోకెందుకు తెచ్చుకున్నవు?"

"ఇంట్ల ఉంటె మంచిగనిపిస్తదని తెచ్చుకున్న. నువ్వు మీ అమ్మ ఫోటో తెచ్చుకోలేదా?"

మధ్యలో కూర్చున్న పాప, ఇద్దరూ సారీ చెప్పుకోండి, మా టీచర్ అలాగే చెప్పిస్తుంది అంది. 

ఇంటికి చేరాక ఆ కోపం మేనేజరమ్మను వదిలి, ఆయన్ను వదిలి, నా మీదికి వచ్చింది. పెళ్లయి తొమ్మిదేళ్లు. పెళ్లి తర్వాత నేను రాసిన ప్రతి పరీక్షకూ ఆయనే బండి మీద దింపి, అయ్యేదాకా గేటు బయట నిలబడ్డాడు. ఏ పేపరు కష్టంగా వచ్చిందో ఈనాటికీ చెప్పగలడు. మోకు ఏ చెట్టుకు పడుతుందో, దేనికి పట్టదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు. ఆయన పని గురించి నాకు తెలిసింది ఎత్తు ఒక్కటే. అదేగా టీ టైములో గొప్పగా చెప్పుకున్నాను.

రెండు రోజులకు మేనేజరమ్మ ఎక్కడి నుంచో చెట్ల పని చేసే ఒకతన్ని పట్టుకొచ్చింది. లిఫ్టు బండి అక్కర్లేదు, తాళ్లు కట్టుకుని ఎక్కుతాడు. కార్డున్న మొనగాడు వస్తున్నాడంట అని నేనే వెటకారంగా ఇంట్లో చెప్పాను. ఆ రోజు మా ఆయనకు పని లేదు. చూడటానికి వచ్చాడు.

నేను పైన మందులు ఇస్తూ, కిటికీ దాటినప్పుడల్లా కిందికి చూశాను. మొదట గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తర్వాత చూస్తే చెట్టు కిందికి చేరాడు. ఆ తర్వాత లైట్ల తీగ చిక్కు విప్పి పైకి అందిస్తున్నాడు. పైనున్నతను అడగకముందే తీగ అందుతోంది. ఒకసారి అతను పక్క కొమ్మ మీద కాలు పెట్టబోతే మా ఆయన కింద నుంచి, "గది వద్దు, గది వద్దు," అని కేకేశాడు. తెలుగులోనే. అతను ఆగి, ఆ కొమ్మను చేత్తో ఊపి చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు.

చీకటి పడే వేళకు లైట్లు వెలిగాయి. పెద్దావిడ దుప్పటిలోంచి చేతులు బయటికి తీసి చప్పట్లు కొట్టింది. ఆ కింద ఉన్నది ఎవరని అడిగింది. నా భర్త అన్నాను. ఏం చేస్తాడు అంది. అంతకుముందు ఎవరడిగినా ఫారంలో పని అనేదాన్ని. చెట్లెక్కుతాడని చెప్పాను. మరి కింద ఎందుకు ఉన్నాడు అంది. అది మన మేనేజరమ్మనే అడగండి అన్నాను.

పని అయ్యాక వాళ్లిద్దరూ వ్యాన్‌లో కూర్చుని చాలాసేపు చాయ్ తాగారు. ఒకరి భాష ఒకరికి రాదు. ఏం మాట్లాడుకున్నారో మరి, మర్నాడు ఆ చెట్లతను నా ఫోన్‌కు చేశాడు. జనవరి నుంచి మా ఆయన్ను పనిలోకి తీసుకుంటాడట. ముందు ఆరు నెలలు కింద నిలబడి తాళ్లు పట్టుకోవాలి, కొమ్మలు లాగాలి. ఆ తర్వాత శిక్షణ, పరీక్ష, కార్డు. పద్దెనిమిదేళ్లు ఎక్కినవాడు ఆరు నెలలు కింద నిలబడాలా? ఫోన్ పెట్టేసి ఆయన ముందు మళ్లీ మొదలుపెట్టాను. పూర్తిగా విన్నాడు.

"గీ చెట్లు నాకు కొత్తనే. మోకు లేకుండ వాడెట్ల ఎక్కిండో చూసినవా? పని వచ్చెదాక ఎవలన్న కిందనే నిలబడాలె."

 అంటే ఉంటున్నట్టా, పోతున్నట్టా? పండుగ దాటాకే అడగాలనుకున్నాను. పోతానంటే ఆ మాట పండుగ లోపలే వినాల్సి వస్తుంది.

క్రిస్మస్ రోజు ఈ దేశంలో బస్సులు తిరగవు. నాకు డ్యూటీ వేసినవాళ్లలో ఒక్కరూ, ఎలా వస్తావని అడగలేదు. చలిలో ముప్పావు గంట నడిచి వెళ్లాను. మధ్యాహ్నం భోజనాలప్పుడు అక్కడి పద్ధతి ప్రకారం అందరి తలల మీదా రంగు కాగితం కిరీటాలు పెట్టారు, నాకూ పెట్టారు. అప్పుడే ఊరి నుంచి మా అత్తమ్మ ఫోన్.

"ఏందే, వాని చెట్లన్ని తమ్ముని పేరు మీద రాయమని సొసైటీల చెప్పిండట. నువ్వు చెప్పిచ్చినవా?"

"నాకు తెల్వదు అత్తమ్మా."

"నీకు తెల్వకుండ చెప్తడా వాడు? వాళ్ల నాయిన గీసిన చెట్లవి."

ఆమె ఏడవలేదు. మండిపడుతోంది. మూడు వారాలుగా నేను కోరుకున్న మాట అదే. ఆయన ఉండిపోతున్నాడు. దాన్ని ఇంట్లో పక్కన కూర్చున్న మనిషి నోటి నుంచి కాక, దౌల్తాబాద్ అవతల నుంచి, మందుల బండి పట్టుకుని, తల మీద కాగితం కిరీటంతో వినాల్సి వచ్చింది. సంతోషం వచ్చింది కానీ కోపమే ముందుకొచ్చింది. ఇంత పెద్ద మాట నాకెందుకు చెప్పలేదు? డ్యూటీ దిగి ఇంటికి నడుస్తున్నంతసేపూ ఏమేం అడగాలో వరసగా పేర్చుకున్నాను.

తలుపు తీసేసరికి ఆయన కిటికీ దగ్గర నిలబడి తమ్ముడితో మాట్లాడుతున్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. పాప కింద కూర్చుని బొమ్మలకు రంగులు వేస్తోంది. నన్ను చూసి, ఆగు అన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"కాలువ గట్టుమీది తాటికి నడుమల బెరడు ఊడింది. గాడ మోకు జారుతది, పైలం. బాయి కాడి జంట చెట్లల్ల ఎడమ దిక్కుదానికి కందిరీగల తుట్టె ఉంటది, ముందుగాల కిందికెళ్లి చూసుకో."

"అన్నా, ఏడాదిసంది నేనే గీస్తున్న గదా. గవన్ని నాకు తెల్సు."

"తెల్సులే. ఇను."

మళ్లీ చెప్పుకుంటూ పోయాడు. ఏది పొద్దున్నే ఎక్కాలో, ఏది ఎండ పడ్డాక ఎక్కాలో, ఏది గాలికి ఎటు ఊగుతుందో. తమ్ముడు ఊ కొడుతున్నాడు. నేను కోటు విప్పకుండా అలాగే నిలబడ్డాను. పేర్చుకున్న ప్రశ్నల వరస చెదిరిపోయింది. కొండ కింద పొలంలో ఒంటిగా ఉన్న చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన స్పీకర్ ఆపి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.  "గదాన్ని వానకు ఎక్కకురా," అని మాత్రం చెప్పాడు.

తొమ్మిదేళ్లలో మొదటిసారి, ఆ చెట్టు సంగతేంటని అడిగాను. ఫోన్ పెట్టేసి చెప్తానన్నాడు. కొట్లాట మర్నాటికి వాయిదా వేసుకుని కూర్చున్నాను.