కుంకుమ కింది గాయం

మా మనుమరాలు హనుమకొండలో మూడవ తరగతి చదువుతున్నది. దసరా సెలవులకు ముందు వారి బడిలో బతుకమ్మ ఆట తలపెట్టారు. ముందునాడే పట్టులంగాలతో, పసుపు కుంకుమలతో రిహార్సల్ జరిపించారు. గౌరమ్మ పళ్లెం పట్టుకొని అందరికంటె ముందు నడిచే భాగ్యం మా పిల్లకు దక్కింది.

ఆ సాయంకాలం నా సహధర్మచారిణి దాని ముఖం కడుగుతుండగా రూపాయి బిళ్లంత బొట్టు చెరిగి, దాని కింద చిట్లిన నుదురు బయటపడింది. బడిలో నీళ్ల నల్లా గద్దె మీద పడ్డదట. దవాఖానలో కుట్లు అక్కరలేదని పట్టీ వేసి పంపారు.

"మీ మేడం చూడలేదా?" అని అడిగాను.

"సూసింది తాతా. బొట్టు కారుతాందని ఇంకింత కుంకుమ పెట్టింది."

నాకు కలిగిన ఆగ్రహం సామాన్యమైనది కాదు. మరునాడు పిల్లను వెంటబెట్టుకొని బడికి బయలుదేరాను. "మేడంను ఏమనకు తాతా! పళ్లెం ఇంకోల్లకు ఇస్తది" అని అది దారి పొడుగునా బతిమాలుతూనే ఉన్నది.

పంతులమ్మ వయసులో మా కూతురికంటె చిన్నది. పిల్ల నా వెనుక దాగింది. నేను గొంతు సవరించుకొని, "అమ్మా! శిశువుల క్షేమము గురువుల అప్రమత్తతపై ఆధారపడియుండును గదా! రుధిరమునకును కుంకుమకును భేదమెరుగని దృష్టి..." అని ఆరంభించాను.

ఆమె భక్తితో చేతులు జోడించింది. "ఎంత మంచిగ మాట్లాడుతున్నరు సార్! జర గిదే మైకుల చెప్పుండ్రి. మా ముఖ్య అతిథి వస్తలేడు."

రాత్రంతా కూర్చుకొన్న ప్రసంగం అక్కడితో ముగిసింది. పిల్లను ముందుకు లాగి, "పిల్ల నుదురు పగిలిందమ్మా!" అన్నాను.

పట్టీ చూడగానే ఆమె నేలమీద చతికిలబడింది. "అయ్యో, నెత్తురా అది! దాని మీదనే కుంకుమ దిద్దితి గదనే! ఎందుకు చెప్పలే బిడ్డా?"

"చెప్తే పళ్లెం ఇయ్యరని."

ఆమె కొంగుతో కళ్లొత్తుకొన్నది. "పళ్లెం నీదే. కాని దెబ్బ తాకితే ముందుగాల నాకే చెప్పాలె. చెప్పకుంటేనే పళ్లెం పోతది, సమజైందా?"

నా ఆగ్రహానికి చోటు మిగలలేదు. ముఖ్య అతిథి కుర్చీ మాత్రం మిగిలింది, అందులో కూర్చోబెట్టారు.

ఆట మొదలైంది. మా పిల్ల పట్టీతోనే గౌరమ్మను పట్టుకొని ముందు నడిచింది. పంతులమ్మ దాని పక్కనే అడ్డంగా అడుగులు వేస్తూ, ఆ నుదుటి మీదినుండి చూపు మరల్చక, చప్పట్లన్నీ తప్పుగా కొడుతూ, నేరుగా మైకు స్తంభం వైపు సాగుతున్నది.

"మేడం, నన్నెందుకు సూస్తరు? ముందుకు సూడుండ్రి!" అని మా మనుమరాలు గట్టిగా అరిచింది.