మెట్ల మీద ఆగిపోయిన సినిమా

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు ప్రేమించుకునే సినిమా ఒకటి నేను డిగ్రీ చదివే రోజుల్లోనే చూశాను. పూర్తిగా కాదు, ముప్పాతిక వంతు. చిట్యాలలో, హైవే పక్కన, షట్టర్ సగం దించిన క్యాసెట్ల దుకాణంలో.

నల్లగొండ నుంచి వచ్చే బస్సు నన్ను చిట్యాలలో దింపేది. మా ఊరి బస్సు నాలుగింటికి గానీ రాదు. శుక్రవారాలు కాలేజీ ఒంటిపూటే కాబట్టి ఆ రోజు ఎదురుచూపు మరీ ఎక్కువ. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకొని నిలబడితే, ఒకరోజు ఆ దుకాణం వాళ్లమ్మాయి గడపలోంచి కేకేసింది.

"గా ఎండల ఏం మాడుతవ్ పిల్లా? లోపలికి రారాదు. నిన్నెవరు ఎత్కపోరు తియ్."

ఆమెకు నాతో పని ఉందని తర్వాత తెలిసింది. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు అమ్మిపోయిన ఇంగ్లీషు క్యాసెట్లు, మీద పేరు కూడా లేనివి, బల్ల కింద కుప్పగా ఉండేవి. వాటిని చూసి ఫైటింగు అరలో పెట్టాలా, దయ్యాల అరలోనా, ఫ్యామిలీ అరలోనా చెప్పేవాళ్లు కావాలి. ఆమె ఏడో తరగతితో బడి మానేసింది. నేను ఇంగ్లీషులో ఒక్క మాట మాట్లాడలేను కానీ, లైబ్రరీ నవలల పుణ్యమా అని వింటే అర్థమయ్యేది. వాళ్ల అబ్బా జుమ్మా నమాజుకు పోయి, ఇంట్లో అన్నం తిని, ఓ కునుకు తీసి వచ్చేలోగా ఆమె క్యాసెట్ వేసేది, నేను కథ చెప్పేదాన్ని.

ఆమె మంచి మనిషి అని రాస్తే అబద్ధమవుతుంది. పాడైన క్యాసెట్‌ను తెలిసీ కిరాయికి ఇచ్చేది, తిరిగి తెచ్చినవాళ్లను మీరే పాడు చేశారని దబాయించేది. నా డబ్బాలో అన్నమంతా తినేసి "ఉప్పెక్కువైంది, మీ అమ్మకు చెప్పు" అనేది. నేనూ తక్కువదాన్నేం కాదు. మనుషుల ఎదుట తల వంచుకొని ఉండి, ఇంటికి పోయాక వాళ్ల పళ్లనూ నడకనూ వెక్కిరిస్తూ డైరీ నింపేదాన్ని. ఆమె ఒక్కదాని గురించే వెక్కిరింపు రాసేది కాదు. ఎందుకో నాకు తెలుసు. తెలిసీ ఆ ఎందుకో మాత్రం రాసుకోలేదు.

ఆ శుక్రవారం వేసిన సినిమాలో ఇద్దరు అమ్మాయిలు ఒకే కిరాయి పోర్షన్‌లోకి సామాన్లు దింపుకుంటారు. ఇంటి ఓనరు ఇద్దరికీ ఇస్తానని మాటిచ్చాడు. ఇద్దరిలో ఎవరూ కదలరు. పొట్టి ఆమె పని ఎగ్గొట్టడానికి తల్లి చచ్చిపోయిందని చెబుతుంది. పొడుగు ఆమె పక్కింటి ముసలామె పెంచుకునే కుక్కను ఎవరికో ఇచ్చేసి, తనే ముసలామెతో కలిసి వీధుల్లో వెతుకుతుంది. ఒకరి పాలలో ఇంకొకరు ఉప్పు కలుపుతారు.

"థూ, గిదేం బుద్ధే వీళ్లది?" అంది ఆమె పల్లీలు ఒలుస్తూ. "హీరో ఏడున్నడు? వచ్చి చెరొక్కటి పీకితే గని సక్కగ కారు."

"వస్తడేమో చూద్దాం" అన్నాను.

నాకూ అదే ఆశ్చర్యం. మన సినిమాల్లో పొగరుబోతు పిల్ల ఉంటే సగానికల్లా చెంపదెబ్బ తిని, పసుపు చీర కట్టుకొని, తల వంచుకొని వస్తుంది. ఇక్కడ వీళ్లను ఎవరూ బాగుచెయ్యడం లేదు. వీళ్లూ బాగుపడటం లేదు. అయినా నాకు వాళ్ల మీద నుంచి చూపు మరలడం లేదు. ఎందుకని?

పాలలో ఉప్పు సంగతి మీద వంటింట్లో అరుచుకుంటూ అరుచుకుంటూ పొట్టి ఆమె పొడుగు ఆమె మెడ పట్టుకొని ముద్దు పెట్టుకుంది. నేను చెప్పడం ఆపేశాను.

"ఆగినవేందే? ఏమంటాన్రు?"

"ఏమంటలేరు."

"అది నాగ్గూడ కనబడుతాంది."

నా చెవులు కాలిపోతున్నాయి. తెర చూడటం మాని ఆమె మొహం చూశాను. ఆమె ఒక పల్లీ నోట్లో వేసుకొని, నింపాదిగా నమిలి, "ఓహో. అయితే ఇగ హీరో రాడన్నట్టే" అంది. అంతే. మళ్లీ నన్ను మోచేత్తో పొడిచింది. "చెప్పు, చెప్పు."

ప్రేమలో పడ్డాక కూడా వాళ్లు మారలేదు. చివరికి కుక్క సంగతి బయటపడి, పొట్టి ఆమె పెట్టె సర్దుకొని వెళ్లిపోతుంది. పొడుగు ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తింది. చివరి మెట్టు మీద నిలబడి నోరు తెరిచింది. అంతలో బయట వాళ్ల అబ్బా లూనా చప్పుడు. దుకాణం అమ్మాయి టక్కున ఆపేసి క్యాసెట్ తీసి బల్ల కింద పడేసింది.

ఆ దుకాణంలో మొదటి నియమం, ఏ క్యాసెట్‌నైనా మొదటికి తిప్పిపెట్టాలి. ఆపిన చోటు పోతుందని మేము తిప్పలేదు.

మరుసటి శుక్రవారం ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. పొడుగు ఆమె నోరు తెరిచింది. తెరమీద గీతలు కదిలాయి. వెంటనే లైటు వెలుగులో కళ్లు చికిలించుకుంటూ ఒక పెద్దమనిషి బిర్యానీ తింటున్నాడు.

"యా అల్లా! మా మోత్కూర్ చాచా!"

పేరు లేని క్యాసెట్ ఖాళీదే అనుకొని వాళ్ల అబ్బా దాన్ని చుట్టాల పెళ్లిలో వీడియో తీసే ఆయనకు ఇచ్చాడట. మేము ఆపిన చోటు నుంచే పెళ్లి ఎక్కింది. మొదటికి తిప్పి ఉంటే సినిమా మొదలు పోయేది, చివర మిగిలేది. చివర్లో కొంచెమైనా మిగిలిందేమోనని ఆశగా చూశాం. రీలు అయిపోయేదాకా జనం తింటూనే ఉన్నారు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అదే వాదన. మెట్టు మీద ఆమె ఏమనబోయింది?

"నా దుప్పటి ఇచ్చి పో అన్నది" అనేది ఆమె.

"కలిస్తే మంచిగుండనిపిస్తలేదా నీకు?"

"గసొంటోళ్లు కలిస్తే చుట్టుపక్కలోళ్లు ఊరిడిసి పోవాలె. నీకేందే వాళ్ల ఫికర్?"

ఆ ఫికర్ ఏమిటో చెప్పలేకపోయేదాన్ని. ఆ ఇద్దరి గురించి ఆమె ఏమనుకుంటుందో తెలిస్తే, నా గురించి ఏమనుకుంటుందో తెలిసినట్టేనని నా లెక్క. వాళ్లు అబద్ధాలకోర్లని తిట్టేది, కుక్క పాపం తగులుతుందనేది. ఇద్దరూ ఆడవాళ్లే అన్న మాట మాత్రం ఒక్కసారి కూడా ఎత్తలేదు. పట్టించుకోలేదా? పట్టించుకోవాల్సిన విషయమే కాదనుకుందా? లేక నాలాగే దాని చుట్టూ తిరుగుతోందా? ఇప్పటికీ నాకు తెలియదు.

తర్వాత ఊళ్లోకి కేబుల్ వచ్చింది. స్తంభం నుంచి స్తంభానికి నల్ల తీగలు పాకాయి, దుకాణానికి గిరాకీ పోయింది. వాళ్ల మామకు మహబూబ్‌నగర్‌లో టైర్ల దుకాణం ఉందట, అందరూ అక్కడికే పోతున్నారని ఆమె ఒక శుక్రవారం మామూలుగా చెప్పింది. మరో శుక్రవారానికి అరలు గాజుల దుకాణం వాళ్లకు అమ్ముడుపోయాయి. ఖాళీ గోడల మధ్య ఆమె మిగిలిన క్యాసెట్లను గోనెసంచిలో వేస్తోంది. పేరు లేని ఆ క్యాసెట్ ఏ అరకూ ఎక్కకుండానే సంచిలోకి పోయింది.

నేను అడగాలనుకున్నది వేరు. నోటికి వచ్చింది మాత్రం పాత ప్రశ్నే.

"నిజం చెప్పు. మెట్టు మీద ఆమె ఏమన్నది?"

ఈసారి దుప్పటి అనలేదు. సంచి మూతి తాడుతో బిగించి కట్టింది. రోడ్డు మీద మా ఊరి బస్సు హారన్ కొట్టింది. ఆమె నా పుస్తకాల సంచి తీసి నా భుజానికి తగిలించింది.

"పొమ్మనెటోళ్లు చెప్పుల్లేకుంట మెట్లు దిగి ఉరుకుతరా పిల్లా? ఉండమనే అన్నది. ఇగ పో, నీ బస్సొచ్చింది."