ఏసోబు రెండో బాప్తిస్మం

1949 ఫిబ్రవరి 9, బుధవారం. మిర్యాలగూడ, సంఘం ఆఫీసు గది. హాజరైనవారు: పాస్టరు అయ్యగారు, సూర్యాపేట దగ్గరి పోలీసు క్యాంపు నుంచి ఉత్తరం తెచ్చిన హవల్దారు, కోదాడ నుంచి వచ్చిన మార్తమ్మ, సంఘ గుమస్తాగా నేను.

ఆనాటి డైరీలో మొదటి పేరా ఇది. అప్పటికి నాకు గుమస్తా పని అప్పగించి రెండేళ్లయింది. పొద్దున బడిలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం నుంచి సంఘం పుస్తకాలు చూసేవాణ్ణి. వాటిలో ముఖ్యమైనవి రెండు. మొదటిది బాప్తిస్మం రిజిస్టరు. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ, పాస్టరు సంతకం అందులో ఉంటాయి. దాని నకలు ఎవరడిగినా ఇస్తాం. రెండోది పెద్దల మినిట్స్ పుస్తకం. సంఘంలో ఎవరు తప్పు చేశారు, ఏ శిక్ష పడింది అన్నది అందులో రాస్తాం. అది బయటివాళ్లకు చూపించం.

పోలీసు చర్య అయి అయిదు నెలలు. కమ్యూనిస్టు దళాల కోసం గాలింపు జోరుగా సాగుతోంది. ఉర్దూలో ఉన్న ఉత్తరాన్ని నేనే చదివి తెలుగులో చెప్పాను. జనవరి 16, ఆదివారం పొద్దున చిలుకూరు అవతల ఒక దొర ధాన్యపు కొట్టాన్ని దళం తగలబెట్టింది. ఆ దళంలో ఉన్నాడని మార్తమ్మ భర్త ఏసోబును పట్టుకున్నారు. ఆ పొద్దున తాను కోదాడ దగ్గర పాలేటి వాగులో బాప్తిస్మం తీసుకుంటున్నానని అతని వాదన. బాప్తిస్మం ఇచ్చిన బోధకుడు గొడవలకు భయపడి, రిజిస్టరుతో సహా బెజవాడ వైపు వెళ్లిపోయాడు. భార్య తరఫు సాక్షులను క్యాంపు నమ్మలేదు. మిర్యాలగూడ సంఘం పుస్తకాల్లో తన పేరుందని ఏసోబే చెప్పాడట. ఆ తేదీన అతనికి బాప్తిస్మం జరిగిందో లేదో ముద్రతో తెలపమని అడిగారు.

తెలియనివారి కోసం ఒక విషయం చెప్పాలి. మాది పసిబిడ్డలకు బాప్తిస్మమిచ్చే సంఘం. పాస్టరు గిన్నెలోని నీళ్లు చేతిలోకి తీసుకుని మూడుసార్లు బిడ్డ తలమీద చిలకరిస్తారు. బిడ్డకు ఊహ తెలియకముందే దేవుడు ఆ బిడ్డను తనదిగా ఎంచుకున్నాడని దాని అర్థం. కతోలికులు నీళ్లు నుదుటి మీద పారేలా పోస్తారు. బిడ్డ చావుబతుకుల్లో ఉంటే మంత్రసాని పోసినా చెల్లుతుంది. మార్తమ్మ వాళ్లది ముంచే సంఘం. ఊహ తెలిసి, నోటితో విశ్వాసం ఒప్పుకున్నవాణ్ణి వాగులో నిలబెట్టి, వెల్లకిలా పూర్తిగా ముంచి లేపుతారు. పాత మనిషిని పాతిపెట్టి కొత్త మనిషిని లేపడమని వాళ్ల లెక్క. ఒకసారి అయినదాన్ని మళ్లీ చేయకూడదని మేమంటాం. పసితనంలో చల్లినది అసలు బాప్తిస్మమే కాదని వాళ్లంటారు.

బజారులో ఇది ఎగతాళికి పనికొచ్చేది. “మీ పాస్టరు నారుమడికి చల్లినట్టు చల్లుతడు. పగటి యాళ్లకు ఆరిపోతది” అని వాళ్లనేవాళ్లు. “మీ బోధకుడు బర్రెను కడిగినట్టు కడుగుతడు. కొమ్ములైతె పోవు” అని మావాళ్లు.

ఏసోబు 1921లో మా రిజిస్టరుకెక్కాడు. మార్తమ్మను పెళ్లి చేసుకుని కోదాడలో కూలిపనికి కుదిరాడు. మునగనివాడికి ప్రభువు బల్ల ఆరాధనలో రొట్టె ఇచ్చేది లేదని అక్కడివాళ్లు అనడంతో మునిగాడు. ఆ పొద్దున కోదాడలో ఉన్న కూతురింటికి వెళ్లిన మా సంఘ పెద్ద ఒకాయన వాగు ఒడ్డున నిలబడి కళ్లారా చూశాడు. జనవరి 29న పెద్దలు కూర్చుని, ‘జనవరి 16న పాలేటి వాగులో రెండోసారి నీళ్లు తీసుకున్నందున’ ఏసోబు పేరును సభ్యుల జాబితా నుంచి తీసేశారు. ఆ తీర్మానం రాసింది నేనే. అంటే అతణ్ణి విడిపించగల కాగితం నా బీరువాలోనే ఉంది.

మార్తమ్మ గడప దాటి లోపలికి రాలేదు. “అయ్యగారూ, మునిగిండని పేరు కొట్టేసింది మీరే గద. గా ముచ్చటే జర కాయితం మీద రాయుండ్రి. ఇంకేం అడుగుతలేను” అంది.

అయ్యగారు కోస్తా నుంచి వచ్చినవారు. జబ్బు పడ్డవాళ్ల ఇళ్లకు ఎండలో నడిచి వెళ్లే మనిషి. “రెండో బాప్తిస్మం జరిగిందని ముద్ర వేసి ఇస్తే, మొదటిది ఉత్తదని నేనే ఒప్పుకున్నట్టమ్మా. బాప్తిస్మం ఒక్కటే. అక్కడ జరిగింది స్నానం” అన్నారు.

“తానమనే రాయుండ్రి. గా పొద్దున వాగుల తానం చేసిండంటే సాలు.”

మినిట్స్ నకలు ఇద్దామా అని నేను అడిగాను. పెద్దల పుస్తకం పోలీసులకు చూపే ఆచారం లేదని అయ్యగారు అన్నారు. నేను మళ్లీ అడగలేదు. అవునో కాదో రాస్తే చాలు, పొద్దుపోతోందని హవల్దారు తొందరపెట్టాడు.

నేను రాసిన జవాబు ఇది: ‘మా రిజిస్టరు ప్రకారం ఏసోబుకు 1921లో మిర్యాలగూడలో బాప్తిస్మం అయింది. గత జనవరి 16న అతనికి బాప్తిస్మం జరగలేదు.’ రెండో వాక్యం అయ్యగారు చెప్పారు. మా సంఘం నమ్మకం ప్రకారం అందులో అబద్ధం లేదు. ముద్ర నేనే వేశాను.

ఏం రాశారని మార్తమ్మ అడిగితే చదివి వినిపించాను. “గట్లయితె దళంల ఉన్నడనే గద సారూ” అంది. హవల్దారు జీపు కదిలాక, సూర్యాపేట బస్సు కోసం నడిచి వెళ్లింది.

సాయంత్రం అయ్యగారు ప్రార్థన కూటానికి వెళ్లినప్పుడు బీరువా తెరిచి, జనవరి 29 నాటి తీర్మానానికి నకలు రాశాను. అనుమతి లేకుండా నేను చేసిన ఆఫీసు పని అదొక్కటే.

ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు గుమస్తాగా ఉన్నాను. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్ కింద ఒక వాక్యం చేర్చాను: ‘ఇది మా సంఘం చేసిన కార్యం గురించి మాత్రమే. ఇతర చోట్ల జరిగినది ఈ పుస్తకానికి తెలియదు.’ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అడిగినవాడు మన జవాబును దేనికి వాడబోతున్నాడో తెలిసినప్పుడు, మన పుస్తకం ప్రకారం నిజం రాస్తే సరిపోదని నేను నేర్చుకున్నాను. మరునాటి పొద్దున జరిగింది కూడా రాసి ముగిస్తాను.

మొదటి బస్సులో సూర్యాపేటలో దిగి క్యాంపుకు నడిచాను. గేటుకు ఎదురుగా రోడ్డు పక్కన మార్తమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో మడతపెట్టిన పంచె, అంగీ ఉన్నాయి.

“తెల్లారంగ లారీల తీస్కపోయిండ్రు. పారిపోతుంటె కాల్చినమని జరసేపు కింద చెప్పిండ్రు” అంది. “మొన్న సూసినప్పుడే ఆయిన కాలు వాసి అడుగేయరాకుండె సారూ. యాడికి పారిపోతడు?” అని అడిగింది.

లోపలికి వెళ్లి నకలు ఇచ్చాను. క్యాంపు గుమస్తా దాన్ని చదివి, ఫైల్లో పెట్టి, అందినట్టు రసీదు రాసిచ్చాడు. దాని మీద వేళ కూడా వేశాడు: పది గంటల అయిదు నిమిషాలు. ఆ రసీదు ఫిబ్రవరి 10 పేజీకి అంటించి ఉంది.