వంకాయల వేలం

నాన్న పోయాక అమ్మ నా దగ్గరున్నన్నాళ్ళూ పొద్దున్నే టీ తాగి, కిటికీ పక్కన కూర్చుని, మధ్యాహ్నం దాకా మాట్లాడేది కాదు. ఒకప్పుడు యారాడ ఒడ్డున చేపల వేలం వేసిన మనిషి. చివరికి తనే పట్టుబట్టి సబ్బవరం దగ్గర వృద్ధాశ్రమంలో చేరింది.

ఈ రోజు పూజ ముగించుకుని, తమ్ముడితో కలిసి అమ్మని తెచ్చుకుందామని వెళ్ళాను. గేటు దగ్గరే అమ్మ పాత వేలం గొంతు వినబడింది. ఆశ్రమం తోటలో కోసిన వంకాయల బుట్ట ముందు పెట్టుకుని అమ్మ వేలం వేస్తోంది. చుట్టూ అక్కడి ముసలివాళ్ళు. డబ్బు చెల్లదట, పనులతోనే పాట.

"పేపరు చదివి వినిపిస్తా," అన్నారు స్టీల్‌ప్లాంటులో రిటైరైన ఒకాయన.

"పోండి బాబూ, నిన్న సదివిందే మల్లీ సదివేత్తారు! ఇంకెవులు?"

"తలకి నూనె రాత్తానే," అంది ఒకామె.

"ఒకటోసారి... రెండోసారి..."

"అమ్మా, ఇంటికెళ్దాం," అన్నాను.

"ఉండవే! నాను మీతో వొచ్చేత్తే రేపు ఏలం ఎవులేత్తారు?"

అమ్మ గొంతు మళ్ళీ లేవాలని రోజూ దేవుణ్ణి వేడుకున్నాను. మా ఇంట్లోనే అని చెప్పడం మర్చిపోయాను. మీరైతే ఏం చేసేవారో రాయండి.

సాయంత్రం చేర్చింది: ఇంట్లో అందరం కూర్చుని అమ్మని అక్కడే ఉండనిద్దామనుకున్నాం. ఆదివారాలు మేమే వెళ్ళి ఆ వేలంలో వంకాయలు పాడుకుంటాం. పూజగది పక్కన తనకోసం వేసిన మంచం మాత్రం తియ్యొద్దన్నాను.