రెండు గంటలకు ఆరిపోయే తెర

2018 వానాకాలం. హుజూర్‌నగర్ బస్టాండుకు రెండు సందుల అవతల నా కంప్యూటర్ రిపేరు షాపు. ఆ పనిలో అప్పటికి పదకొండేళ్లు గడిచాయి. ఇంటర్నెట్ సెంటర్లు, బడులు, రైసుమిల్లుల ఆఫీసులు, ఫొటో స్టూడియోలు నాకు గిరాకీ. చెడిపోయిన యంత్రానికి ఏదో ఒక కారణం ఉంటుందనీ, ఓపికగా వెతికితే అది దొరుకుతుందనీ నా నమ్మకం. ఆ నమ్మకం ఒక్కసారి గట్టిగా కదిలింది. ఆ సంగతే ఇది.

ఒక పొద్దున ముప్పై ఏళ్ల ఆడమనిషి ఆటోలో కంప్యూటర్ తెచ్చి దించింది. పేరు రేణుక. మేళ్లచెరువు అవతల ఒక చిన్న ఊరు. ఆమె భర్త సైదులు ఇంటి ముందు గదిలోనే ఫొటో స్టూడియో నడిపేవాడు. పెళ్లి ఆల్బమ్‌లు, వీడియోలు అన్నీ ఈ కంప్యూటర్ మీదే చేసేవాడు.

"అన్నా, సప్పుడొస్తాంది, లైట్లు ఎలుగుతున్నయి. బొమ్మ మాత్రం వస్తలేదు," అంది.

మేం దీన్ని నో డిస్‌ప్లే అంటాం. కంప్యూటర్ లోపల పని చేస్తూనే ఉంటుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. తెరకు బొమ్మ పంపేది గ్రాఫిక్స్ కార్డు. సైదులు వాడింది జానెడున్నర పొడవు, రెండు ఫ్యాన్లు ఉన్న బరువైన కార్డు, సెకండ్ హ్యాండుది. ఆ కంప్యూటర్ ప్రాసెసర్‌కు సొంతంగా బొమ్మ చూపించే శక్తి లేదు కాబట్టి కార్డు పలక్కపోతే ఇక తెర చీకటే.

కంప్యూటర్ పెట్టెను, అంటే క్యాబినెట్‌ను, టేబుల్ మీద పడుకోబెట్టి మూత తీశాను. మానిటర్ మార్చాను, కేబుల్ మార్చాను. కార్డు బయటికి తీసి, స్లాట్‌లోకి దిగే బంగారు రంగు పళ్లను రబ్బరుతో రుద్దాను. సున్నపురాయి దుమ్ము పొరలా పట్టి ఉంది. ఆ ప్రాంతం నుంచి వచ్చే ప్రతి కంప్యూటర్‌లోనూ అది మామూలే. మళ్లీ స్లాట్‌లో దించి స్విచ్ వేస్తే డిస్‌ప్లే వచ్చింది. సాయంత్రం దాకా నడిపి చూశాను, ఆగలేదు. ఆమె సంతోషంగా తీసుకుపోయింది.

మరునాడు మధ్యాహ్నం ఫోన్. "మల్ల పోయిందన్నా. రెండు గొట్టంగనే పోయింది."

రెండోసారి తెచ్చినప్పుడు నేను మూత కూడా తియ్యలేదు. టేబుల్ మీద పడుకోబెట్టి వైరు పెట్టాను, డిస్‌ప్లే వచ్చేసింది. నేను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాను. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీ దగ్గర వస్తది. మా ఇంట్ల రాదు. మా అత్త చెప్పిందే నిజమన్నట్టు."

"ఏం చెప్పింది చెల్లె?"

అప్పుడు చెప్పింది. సైదులు పోయి రెండు నెలలు. ఆ కంప్యూటర్ ముందే, ఆ కుర్చీలోనే గుండె ఆగి పోయాడు. మధ్యాహ్నం రెండింటికి. బతికి ఉండగా ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. వెనక నిలబడి చూసి చూసి ఈమె పని నేర్చుకుంది. ఇప్పుడు మూడు పెళ్లిళ్ల ఆల్బమ్‌లు సగంలో ఉన్నాయి. వాటిని పూర్తి చేసి, స్టూడియో తానే నడుపుకుందామని కూర్చుంటే, రోజూ సరిగ్గా రెండింటికి తెర ఆరిపోతోంది. పెట్టెను ఒరగబెట్టి లేపితే పొద్దున మళ్లీ వస్తుంది, రెండింటికి మళ్లీ పోతుంది.

"ఒక్క ఆయితారం నాడే పోదన్నా. ఆయితారం ఆయన కూడ కంప్యూటర్ ముట్టకపోయేది." గొంతు తగ్గించింది. "నేను ఆ కుర్సీల కూసునుడు ఆయనకు ఇష్టం లేదంటది అత్త. నాక్కూడ గట్లనే అనిపిస్తాంది. గీసారి గిన కాకుంటే స్టూడియో బందువెట్టి కూలికి పోత."

నేను కరెంటు మీద అనుమానపడ్డాను. ఆ టైముకు పొలాల మోటార్లు ఎక్కువ నడిచి వోల్టేజి పడుతుందేమో అనుకున్నాను. లోపల అన్నిటికీ కరెంటు పంచే డబ్బా, అంటే ఎస్‌ఎంపీఎస్, కొత్తది వేశాను. స్టెబిలైజర్ ఇచ్చి పంపాను. మరునాడు రెండు దాటి ఐదు నిమిషాలకు ఫోన్ మోగింది. నేను ఎత్తకముందే సంగతి తెలిసిపోయింది.

ఆ వారంలోనే, బుధవారం నాడు, బండి వేసుకుని వాళ్ల ఊరు పోయాను. పన్నెండు అయింది. పైన మబ్బు, కింద తెల్లటి బాట. ఆకులు, పెంకులు, గోడలు అన్నిటి మీదా ఒకటే పలచటి బూడిద రంగు. ముందు గదిలో నీలం పరదా, గొడుగు లైట్లు, బల్ల మీద కంప్యూటర్, కింద నిలువుగా క్యాబినెట్. సైదులు కుర్చీ వీపు మీద మడత పెట్టిన తెల్ల తువ్వాల వేసి ఉంది. రేణుక దాన్ని ముట్టుకోకుండా పక్కన స్టూలు వేసుకుంది.

గడపలో సైదులు తల్లి లచ్చమ్మ కూర్చుని ఉంది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఎందుకు కొడుకా గింత తిప్పల? ఆడు పనికొచ్చే టైముకు ఈమె ఆడ కూసుంటే ఆడేడ కూసుంటడు?"

 క్యాబినెట్‌ను కదపకుండా, వెనక కేబుల్ తగిలించే చోట కార్డు కొసను లోపలికి నొక్కి, స్విచ్ వేశాను. కాసేపటికి డిస్‌ప్లే వచ్చింది. రేణుక ఒక పెళ్లి వీడియో తెరిచింది. సన్నాయి మేళం మొదలైంది. పెళ్లికూతురు తల వంచుకుని కూర్చుని ఉంది. రేణుక నాకు గాజు గ్లాసులో నీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. నేను తాగడం మరిచిపోయి తెరనే చూస్తూ ఉన్నాను.

ఒంటిగంట. ఒంటిగంటన్నర. ఏమీ కాలేదు. రెండుకు ఐదు నిమిషాలుందనగా రేణుక మౌస్ వదిలేసి స్టూలు వెనక్కి జరిపింది. లచ్చమ్మ గడప మీదనుంచి లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, ఇంటికి పెద్దమనిషి వస్తుంటే పక్కకు జరిగినట్టు, గోడకు ఆనుకుని దారి ఇచ్చి నిలబడింది.

"వచ్చిండు," అంది.

తెర ఆరిపోయింది.

సన్నాయి మాత్రం ఆగలేదు. చీకటి తెర వెనక ఆ పెళ్లి జరుగుతూనే ఉంది. ఎవరో అక్షింతలు అందుకోమంటున్నారు, ఎవరో నవ్వుతున్నారు. నల్లటి గాజులో నేనూ, రేణుకా, గోడ పక్కన లచ్చమ్మా కనిపిస్తున్నాం. మా మధ్య ఖాళీ కుర్చీ. దాని మీది తెల్ల తువ్వాల గాజులో ఒక మనిషి భుజంలా కనిపించింది.  పదకొండేళ్లలో మొదటిసారి ఒక కంప్యూటర్ ముందునుంచి లేచి బయటికి పోదామనిపించింది.

చూపు మరల్చుకోవడానికి తల దించాను. గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి. మధ్యనుంచి అంచులకు సన్నటి వలయాలు పోతున్నాయి. అరచెయ్యి బల్ల మీద ఆనించాను. బల్ల లోపల ఎక్కడో సన్నగా జుమ్మంటోంది.

"ఏంది గా అదురు?" అన్నాను.

"ఏ అదురన్నా?" రేణుక నిజంగానే అడిగింది.

"ఇల్లు కదిలింది గదా ఇప్పుడు."

ఆమె వాకిలి దిక్కు చెయ్యి చూపింది. "ఓ, గదా? క్వారీల రాయి పేలుస్తరు. రోజుండేదే. మాకినరాదు."

"ఎన్ని గంటలకు?"

"రెండిం..." మాట సగంలో ఆగిపోయింది.

"ఆయితారం?"

"ఆయితారం ఉండదు."

క్యాబినెట్‌ను ఉన్నచోటనే ఉంచి పక్క మూత తీసి టార్చి వేశాను. బరువైన కార్డు తల వాల్చినట్టు కిందికి వేలాడుతోంది. దాని పళ్లు ఒక కొసన స్లాట్‌లోంచి కొద్దిగా లేచాయి. వేలితో కిందనుంచి ఎత్తి పట్టి మళ్లీ స్టార్ట్ చేస్తే బొమ్మ వచ్చింది. వేలు తీసి క్యాబినెట్ మీద గుప్పిటతో కొడితే పోయింది. కార్డును క్యాబినెట్‌కు పట్టి ఉంచే స్క్రూ లేదు. నా షాపులో క్యాబినెట్ ఎప్పుడూ పడుకునే ఉంటుంది. అప్పుడు కార్డు తన బరువుతో తానే స్లాట్‌లోకి దిగి కూర్చుంటుంది. ఇక్కడ నిలబెడితే వేలాడుతుంది, క్వారీ అదురుకు జారుతుంది. మొదటి రోజే చూడాల్సింది నేను. షాపుకొచ్చే వాటిలో సగానికి ఆ స్క్రూ ఉండదు కాబట్టి నా కన్ను దాని మీద ఆగలేదు.

"స్క్రూ ఒకటి లేదు చెల్లె. ఇంట్ల యాడన్న పడిందేమో చూడు, లేకుంటె నా బ్యాగుల..."

మాట పూర్తి కాకముందే రేణుక లోపలికి పోయింది. చిన్న స్టీలు డబ్బా పట్టుకొచ్చింది. దవాఖానలో సైదులు ఒంటిమీద ఉన్నవి తీసి ఇచ్చారట. గడియారం, మొలతాడు, వెండి ఉంగరం. వాటి కింద ఒక స్క్రూ.

"చేతిల వట్టుకున్నడన్నరు. గుప్పిట ఇప్పి తీసిన్రంట. అదేందో నాకు తెల్వక దాసిన."

కార్డు రంధ్రం దగ్గర పెట్టి చూశాను, సరిపోయింది. ఆ రోజు అతను దుమ్ము తుడవడానికి కార్డు తీసి ఉంటాడు. మళ్లీ స్లాట్‌లో పెట్టాడు. బిగించే లోపల నొప్పి వచ్చింది.

"ఆయన రెండింటికే పోయిండని ఎట్ల తెలిసింది?" మెల్లగా అడిగాను.

"పేలుడైతే అన్నం టైమని లెక్క మాకు. అన్నానికి పిలుద్దామని వస్తే ఒరిగి ఉన్నడు." డబ్బాలోని గడియారం దిక్కు చూసి, "ఎప్పుడు పోయిండో మాకు తెల్వదన్నట్టే," అంది.

స్క్రూ డ్రైవర్ నేను పట్టుకోబోతే ఆమె చెయ్యి చాపింది. నేను కార్డు ఎత్తి పట్టాను. భర్త చేతిలో ఆగిపోయిన స్క్రూను ఆమె తిప్పి బిగించింది. మూడు చుట్లు, ఆపైన ఇంకో అర చుట్టు.

ఆగలేక మరునాడు కూడా పోయాను. రెండయింది. ఈసారి చప్పుడు కూడా విన్నాను, దూరంగా, భూమి గొంతు సవరించుకున్నట్టు. నీళ్లు వణికాయి. తెర వెలుగుతూనే ఉంది. రేణుక రెండు చేతులతో ముఖం కప్పుకుని నవ్వింది, అందులోనే ఏడ్చింది.

లచ్చమ్మ తల మీద కొంగుతో గోడ పక్కనే నిలబడి ఉంది. పావుగంట నిలబడింది. అరగంట నిలబడింది. తర్వాత నా దిక్కు తిరిగింది.

"ఇగ రాడా కొడుకా?"

 రోజూ ఆ టైముకు ఆమె భయపడుతోందనుకున్నాను. ఆమె ఎదురుచూస్తోందని అప్పుడు అర్థమైంది. రెండు నెలలుగా రోజుకొకసారి కొడుకు వచ్చి పోయేవాడు. నేను ఒక స్క్రూతో దాన్ని ఆపేశాను.

రేణుక లేచి కుర్చీ మీది తువ్వాల తీసింది. అత్తను పట్టుకొచ్చి అందులో కూర్చోబెట్టింది. తాను పక్కన నిలబడి, సైదులు తీసిన ఫొటోలు ఒక్కొక్కటే తెర మీద తెరవడం మొదలుపెట్టింది. పెళ్లిళ్లు, పురుళ్లు, గొర్ల మందలు, బడిపిల్లలు.

"గిది ఆడు తీసిందేనా?"

"ఆయనే తీసిండు అత్తమ్మ."

"గిది?"

"అది కూడ."

నేను బ్యాగు తీసుకుని బయటికి వచ్చాను. వాళ్లు తల తిప్పలేదు.

అప్పటినుంచి, షాపులో నడిచి ఇంట్లో నడవని కంప్యూటర్ ఉంటే నేనే ఆ ఇంటికి పోతున్నాను. మూత తీయకముందు కాసేపు ఊరికే కూర్చుంటాను. రోజూ వినేది మనుషులకు వినిపించదు, కాబట్టి అడిగినా చెప్పరు. అది నేనే వినాలి. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను గానీ దాన్ని పనిలో ఎట్లా వాడాలో నాకింకా తెలియదు. చెడిపోయిందని నా దగ్గరికి తెచ్చిన దానిలో, ఆ ఇంట్లో ఎవరో ఒకరికి పోగొట్టుకోకూడనిది ఏదో ఉండవచ్చు. అందుకే బాగు చేశాక వెంటనే లేవను. ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని కాసేపు ఆగుతాను.