పర్దా కట్టిన పెట్టె

నిన్న ఖమ్మం బస్టాండులో నిలబడి ఉండగా చుట్టూ ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి గొల్లుమన్నాయి: పిడుగులు పడవచ్చు, చెట్ల కింద ఉండకండి. పక్కనున్నాయన నవ్వి ఫోన్ జేబులో వేసుకున్నాడు. నాకు మాత్రం టేకులపల్లి దాటాక అడవి అంచున ఏళ్ల కిందట మేం కిరాయికి తీసుకున్న రేకుల ఇల్లు కళ్ల ముందుకొచ్చింది.

ఆకాశం నుంచి కంటికి కనబడకుండా కురిసే కణాల శక్తిని కొలవడం మా ఆపా, అంటే మా అక్క, పని. అదీ ఒక ఉద్యోగమేనని అమ్మీని నమ్మించేసరికి ఆమె తల నెరిసింది. ఆ కొలతకోసమే కెలోరీమీటర్ అనే బరువైన పెట్టెను ఆ ఇంట్లో దింపింది. లోపలి స్ఫటికంలోకి దూసుకొచ్చిన కణం అక్కడే ఆగిపోయి, తన శక్తిని చిన్న మెరుపుగా వదిలేస్తుంది. ఆ వెలుగెంతో కొలిస్తే శక్తి ఎంతో తెలుస్తుంది. బయటి వెలుతురు సోకకుండా పెట్టెకు నల్లగుడ్డ చుట్టింది. అది చూసి ఇల్లుగల పెద్దమ్మ, "మీ పెట్టెక్కూడ పర్దానేనా బిడ్డా?" అని కడుపుబ్బ నవ్వింది.

అది బీడీలు చుట్టే తునికాకు కోసే కాలం. ఆ మధ్యాహ్నం గుట్ట మీంచి నల్లటి మబ్బు దిగింది. ఉరుము లేదు, చినుకు లేదు, ఆకు కదల్లేదు. ల్యాప్‌టాప్ తెర మీద పెట్టె కొలతను చూపే గీత మాత్రం పైకి పాకడం మొదలుపెట్టింది. పెట్టె వేడెక్కిందేమోనని ఆపా తడిమి చూసింది. అది కాదు. "మబ్బులోని కరెంటు ఆ కణాల్ని కిందికి తోస్తోంది" అంటూ బయటికి పరిగెత్తింది.

"పెద్దమ్మా, అడివిలోకి పోయినోళ్లను జల్దీ పిలువు. పిడుగు పడేటట్టుంది."

"గిసొంటి మబ్బులు రోజూ వస్తయ్, పోతయ్. ఏంది బిడ్డా నీ భయం?" అంటూనే పెద్దమ్మ గొంతెత్తి కేకేసింది.

ఆడవాళ్లంతా వచ్చేశారు. పెద్దమ్మ కొడుకూ వచ్చాడు. వచ్చినవాడు, "ఆకు తడిస్తే కల్లంల తీసుకోరు" అంటూ, కట్టల మీద కప్పడానికి పట్టా అందుకుని మళ్లీ చెట్లలోకి వెళ్లాడు. ఆపా పిలిచినా ఆగలేదు.

నేను తెర ముందే ఉన్నాను. గీత ఒక్కసారిగా కిందికి కూలిపోయింది. వెంటనే ఇల్లంతా అదిరింది.

అతణ్ని మంచం మీద మోసుకొచ్చారు. దవాఖానా దాకా పోవలసిన పని లేకపోయింది.

దినాలయ్యాక పెద్దమ్మ కిటికీ దగ్గరికొచ్చింది. "నీ పెట్టెకు ముందుగాలనే ఎరుకైంది గద. ఇగ రోజూ చెప్తదా?"

"ప్రతి పిడుగుకూ చెప్పదు పెద్దమ్మా" అంది ఆపా తల వంచుకుని.

ఆ తర్వాత గీత కదిలినా కదలకపోయినా, మబ్బేసినప్పుడల్లా ఆపా అందర్నీ ఆగమనేది. కొన్నాళ్లు ఆగారు. తర్వాత కూలి పోతోందని, ఆమె వైపు చూడకుండానే అడవిలోకి నడిచారు. మేం గడపలో నిలబడి, వాళ్ల వెనకే చీకట్లు కమ్ముతున్న చెట్లను చూస్తుండేవాళ్లం.

వయసు పెరిగేకొద్దీ ఏళ్లు చిన్నవవుతాయంటారు. గీత లేవడానికీ కూలడానికీ మధ్య గడిచిన ఆ కాసేపు మాత్రం నాకు ఏటికేడూ పొడుగవుతూనే ఉంది.